చెరువు అడుగున 1963

ప్రతి సరస్సూ పూడుతుంది. వాన కొండ మీది మట్టిని కడిగి వాగులో కలుపుతుంది. వాగు దాన్ని తెచ్చి సరస్సులో వదులుతుంది. నీరు నిలకడగా ఉన్నచోట ఆ మట్టి అడుగుకు దిగుతుంది. నీటిలో పెరిగి చచ్చిన నాచు, రాలిన ఆకులు, గాలి మోసుకొచ్చిన దుమ్ము దానికి తోడవుతాయి. ఇదంతా మనకు తెలిసిందే. తెలియాల్సింది వేగం. ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పూడే సరస్సుకూ, ఒక సెంటీమీటరు చొప్పున పూడే సరస్సుకూ ఆయుష్షులో పదింతల తేడా ఉంటుంది. పైన అడవి కొట్టాక, రోడ్డు వేశాక, ఇళ్ళు లేచాక ఆ వేగం పెరిగిందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

ఎవరికైనా మొదట తోచే పద్ధతి లోతు కొలవడం. అప్పుడెంత లోతు ఉండేది, ఇప్పుడెంత ఉంది, మధ్యలో ఎన్నేళ్ళు గడిచాయి అని చూడటం. పెద్ద జలాశయాలకు చేసేది ఇదే. తుంగభద్ర జలాశయంలో 1953లో నీరు నిలిపినప్పుడు దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. 2008 నాటి సర్వేలో అది 101 టీఎంసీలకు కాస్త తక్కువగా తేలింది. 2016లో చేసిన మరో సర్వే 105.8 టీఎంసీల దగ్గర చూపించింది. ఈ రెండు సర్వేల మధ్య అంత పూడిక తీసిన పనేదీ జరగలేదు. మారింది కొలిచిన తీరు. రాయలసీమ కాలువల వాటా తేలేది ఈ అంకెల మీదే కాబట్టి, నాలుగైదు టీఎంసీల తేడా చిన్నదేమీ కాదు.

ఇది పాత కొలత ఉన్న జలాశయం సంగతి. కొండల్లోని సహజ సరస్సులకు, శతాబ్దాల నాటి ఊరి చెరువులకు పాత కొలతే ఉండదు. యాభై ఏళ్ళ కిందట అడుగు ఎక్కడుందో రాసిపెట్టినవాళ్ళు లేరు. అలాంటిచోట మట్టినే అడగాలి. అడుగున పేరుకున్న మట్టిలో ఏ పొర ఏ సంవత్సరానిదో ఏదో ఒక గుర్తు చెప్పగలగాలి.

ఆ గుర్తుకు కొన్ని లక్షణాలు ఉండాలి. అంతకుముందు భూమ్మీద లేనిదై ఉండాలి. ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా తెలియాలి. అన్నిచోట్లా దాదాపు ఒకేసారి పడాలి. పడ్డాక పడ్డచోటే ఉండాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో మనిషి చేసిన ఒక పని వల్ల, ఎవరూ ఉద్దేశించకుండానే, ఈ లక్షణాలన్నీ ఉన్న గుర్తు ఒకటి భూమంతా పడింది. అది అణుధూళి (అణు విస్ఫోటనం తర్వాత గాలిలోంచి నేలకు దిగే రేడియోధార్మిక పదార్థం).

మొదటి అణుబాంబును 1945 జులై 16న అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో పేల్చారు. తొలినాటి బాంబుల ధూళి ఎక్కువ భాగం గాలి కింది పొరల్లోనే ఉండి, కొద్ది వారాల్లో నేలకు దిగిపోయింది. హైడ్రోజన్ బాంబులతో పరిస్థితి మారింది. 1952 నవంబరులో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవుల్లో అలాంటి పెద్ద పరికరాన్ని మొదటిసారి పేల్చారు. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో పేల్చిన బాంబు శక్తి కోటిన్నర టన్నుల టీఎన్‌టీకి సమానం. 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ నొవాయా జెమ్లియా దీవుల పైన పేల్చినదాని శక్తి దాదాపు 5 కోట్ల టన్నులు. ఇంత పెద్ద విస్ఫోటనంలో లేచిన మబ్బు వాన మేఘాలను దాటి స్ట్రాటోస్ఫియర్‌లోకి (వాతావరణంలో వానలు కురిసే పొరకు పైన ఉండే పొర) వెళ్ళిపోతుంది. అక్కడ వాన లేదు కాబట్టి ధూళిని కడిగేది ఏదీ ఉండదు. అది ఏడాదికి పైగా పైనే తిరుగుతూ భూగోళం చుట్టూ పరుచుకుంటుంది. ఆ తర్వాత, ముఖ్యంగా వసంత రుతువులో, కింది గాలిలోకి జారుతుంది. అక్కడినుంచి వాన దాన్ని నేలకు దించుతుంది.

1958 నవంబరు నుంచి 1961 సెప్టెంబరు దాకా అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ పరీక్షలు ఆపాయి. ఆ తర్వాత 1961, 1962 సంవత్సరాల్లో మునుపెన్నడూ లేనన్ని పేల్చాయి. 1963 ఆగస్టు 5న మాస్కోలో ఈ మూడు దేశాలూ గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణు పరీక్షలు చేయబోమని ఒప్పందం రాసుకున్నాయి. ఫ్రాన్స్ 1974 దాకా, చైనా 1980 దాకా గాలిలో పరీక్షలు సాగించినా, మొత్తం మీద ధూళి తగ్గిపోయింది. అంటే ఉత్తరార్ధగోళంలో అణుధూళి చరిత్రకు స్పష్టమైన ఆకారం ఉంది. 1954 ప్రాంతంలో మొదలవుతుంది, పరీక్షలు ఆగిన కాలంలో కాస్త తగ్గుతుంది, 1963లో శిఖరానికి చేరుతుంది, ఆపైన దిగిపోతుంది.

ఈ ధూళిలో ఎన్నో పదార్థాలున్నాయి. సరస్సు మట్టికి పనికొచ్చేది సీజియం-137. యురేనియం, ప్లుటోనియం పరమాణువులు చీలినప్పుడు ఇది పుడుతుంది. ప్రకృతిలో లెక్కలోకి వచ్చేంతగా లేదు. దాని అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం క్షీణించి వేరే పదార్థంగా మారడానికి పట్టే కాలం) సుమారు 30 ఏళ్ళు. మరీ త్వరగా మాయం కాదు, కొలవలేనంత మందకొడిగానూ ఉండదు.

ఇక అది పడ్డచోటే ఎందుకు ఉంటుంది? దీనికి కారణం బంకమట్టి. బంకమట్టి రేణువు ఒక్కోటి అప్పడాల దొంతరలా అతి పలుచని రేకుల కట్ట. రేకుల మధ్య మామూలుగా పొటాషియం ఉంటుంది. కట్ట అంచుల్లో రేకులు కాస్త విచ్చుకుని ఉంటాయి. సీజియం రసాయన స్వభావంలో పొటాషియానికి దగ్గర చుట్టం కాబట్టి ఆ అంచుల్లోంచి లోపలికి దూరుతుంది, దూరాక రేకులు దాన్ని బిగించేస్తాయి. అక్కడినుంచి అది నీటిలో కరిగి వెళ్ళదు. మట్టి ఎటు పోతే అటే పోతుంది. వానతో సరస్సులో పడ్డ సీజియం నీటిలో తేలే సన్నని మట్టిని పట్టుకుని అడుగుకు చేరుతుంది. 1963లో దిగిన మట్టి మీద 1964లో దిగిన మట్టి, దాని మీద 1965ది. మట్టి పొరలు సంవత్సరాల వరసలోనే ఉంటాయి.

ఈ సీజియం వల్ల చెరువు మట్టి ప్రమాదకరమైపోయిందా అని పాఠకుడు భయపడనక్కర్లేదు. రేడియోధార్మికతను బెకరెల్ అనే కొలతతో (సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెకరెల్) చెబుతారు. ఏ పొలంలోనైనా కిలో మట్టిలో ప్రకృతి సహజమైన పొటాషియం-40 సగటున కొన్ని వందల బెకరెళ్ళు ఉంటుంది. పెద్ద అణు ప్రమాదాల ధూళి పడనిచోట, అణుపరీక్షల నాటి సీజియం నేడు కిలోకు సాధారణంగా కొద్ది బెకరెళ్ళు, మహా అయితే కొన్ని పదులు. ప్రమాదం కలిగించేంత లేదు, కొలవడానికి సరిపోయేంత ఉంది.

కొలిచే పని పడవలో మొదలవుతుంది. ఒక మీటరు పొడవున్న పారదర్శకమైన గొట్టాన్ని, పైన బరువు కట్టి, తాడుతో దించుతారు. చాలా నెమ్మదిగా దించాలి. సరస్సు అడుగున పైపొర గట్టి మట్టి కాదు. నీరూ మట్టీ కలగలిసిన జావ అది. గొట్టం వేగంగా దిగితే దాని ముందు తోసుకొచ్చే నీరే ఆ పొరను చెదరగొడుతుంది. ఈ మధ్య ఏళ్ళ చరిత్రంతా అక్కడే పోతుంది. గొట్టం మట్టిలో దిగాక పైమూత పడుతుంది, లోపలి మట్టి జారకుండా పైకి లాగుతారు, నీటి మట్టం దాటకముందే అడుగున బిరడా బిగిస్తారు. మట్టి మీద నిలిచిన నీరు తేటగా ఉంటే పైపొర కదలలేదని లెక్క. కలక బారి ఉంటే ఆ మట్టి పారబోసి మళ్ళీ దించుతారు. ఒడ్డుకు తెచ్చాక కింది నుంచి నెడుతూ, పైకి వచ్చిన మట్టిని సెంటీమీటరు మందాన బిళ్ళలుగా కోస్తారు. గొట్టం గోడలకు రాసుకున్న అంచు మట్టి పై పొర నుంచి కిందికి ఈడ్చుకొచ్చి ఉండవచ్చు కాబట్టి దాన్ని చెక్కి తీసేస్తారు.

ఆరబెట్టి, తూచి, పొడి చేసిన మట్టిని ఒక డబ్బాలో పోసి జెర్మేనియం డిటెక్టర్ మీద పెడతారు. ఆ డిటెక్టర్ సరిగా పనిచేయడానికి దాన్ని చాలా చల్లగా ఉంచాలి. ఎక్కువచోట్ల సున్నాకు 196 డిగ్రీల కింద ఉండే ద్రవ నైట్రోజన్ వాడతారు. సీజియం-137 క్షీణించేటప్పుడు 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం వెలువడుతుంది. ఆ అంకె దాని సంతకం. కిరణాలు అరుదుగా వస్తాయి కాబట్టి ఒక్కో బిళ్ళను పూటల తరబడి, ఒక్కోసారి రోజుకు మించి లెక్కించాలి. ముప్పై నలభై బిళ్ళలున్న ఒక్క గొట్టం నెలకు పైగా యంత్రాన్ని పట్టుకుంటుంది. ఈ పని విరివిగా జరగకపోవడానికి ఒక కారణం ఇదే.

లెక్క మాత్రం సులువు. 2023లో ఒక సరస్సులో గొట్టం దించారనుకుందాం. సీజియం అన్నిటికన్నా ఎక్కువగా 27 సెంటీమీటర్ల లోతున కనిపించింది. అది 1963. మధ్యలో 60 ఏళ్ళు. 27ను 60తో భాగిస్తే ఏడాదికి 0.45 సెంటీమీటరు. అసలు సీజియమే లేని మట్టి ఎక్కడ మొదలైందో అది 1954కు ముందరిది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కింది మట్టి పై బరువుకు అణిగి గట్టిపడుతుంది, పైది వదులుగా ఉంటుంది. మందాన్ని మాత్రమే చూస్తే ఈ మధ్య పూడిక పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. అందుకే నిపుణులు సెంటీమీటర్లలో కాకుండా, చదరపు సెంటీమీటరుకు ఏడాదికి ఎన్ని గ్రాముల పొడిమట్టి దిగిందో చెబుతారు.

ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో వినిఫ్రెడ్ పెన్నింగ్టన్, ఆమె సహచరులు విండర్‌మియర్ ప్రాంతపు సరస్సుల మట్టిలో సీజియాన్ని కొలిచి 1973లో ఫలితాలు ప్రచురించారు. ఈ పద్ధతికి పునాది వేసిన పనుల్లో అది ఒకటి. ఆ ప్రాంతపు సరస్సులకు తర్వాత మరో గుర్తు కూడా పడింది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. మే మొదట్లో ఆ ధూళిని మోస్తున్న గాలి బ్రిటన్ మీదికి వచ్చినప్పుడు, ఈ సరస్సులున్న కంబ్రియా కొండల్లో గట్టి వాన కురిసింది. వాన కురిసినచోట సీజియం దిగింది. అక్కడి కొన్ని గొర్రెల మందల మీద ఆంక్షలు 2012 దాకా ఉన్నాయి. ఆ సరస్సుల మట్టిలో ఇప్పుడు 1963, 1986 అని రెండు శిఖరాలు కనిపిస్తాయి. రెండు తేదీలు దొరికితే, వాటికి మధ్య వేగమెంత, ఆ తర్వాత వేగమెంత అని విడదీసి చూడవచ్చు.

ఒక్క గుర్తుతో వచ్చే ఇబ్బంది ఇక్కడే ఉంది. 1963 గీత ఒక సగటును మాత్రమే ఇస్తుంది. ఆ అరవై ఏళ్ళలో ఏ దశాబ్దంలో ఎంత పూడిందో చెప్పదు. 1950కి ముందరి సంగతి అసలే చెప్పదు. దానికి వేరే గడియారం కావాలి. ఆ గడియారాన్ని సరస్సులకు వాడి చూపడంలో మన శాస్త్రవేత్తల పాత్ర పెద్దది. ఆ పని గురించి తెలుగులో ఎక్కువగా రాకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

ఆ గడియారం పేరు సీసం-210. దీని కథ నేలలోని యురేనియంతో మొదలవుతుంది. అన్ని రాళ్ళలో, మట్టిలో యురేనియం కొద్దికొద్దిగా ఉంటుంది. అది మెట్టుమెట్టుగా క్షీణిస్తూ రేడియంగా, రేడియం నుంచి రేడాన్‌గా మారుతుంది. రేడాన్ వాయువు కాబట్టి కొంత నేలలోంచి గాలిలోకి తప్పించుకుంటుంది. దాని అర్ధాయువు 3.8 రోజులే. గాలిలో అది క్షీణించి, కొన్ని మెట్ల తర్వాత సీసం-210 అవుతుంది. ఈ సీసం దుమ్ముకు అంటుకుని కొద్ది రోజుల్లో, వారాల్లో వానతో నేలకు దిగుతుంది. బాంబు ధూళిలా ఒక్కసారి వచ్చి ఆగేది కాదు. ఏడాది తర్వాత ఏడాది, దాదాపు ఒకే మోతాదులో ఆకాశం నుంచి పడుతూనే ఉంటుంది. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్ళు.

సరస్సు పైపొరలో ఈ సీసం 160 బెకరెళ్ళు ఉందనుకోండి. 10 సెంటీమీటర్ల కింద 80, 20 సెంటీమీటర్ల కింద 40 ఉంటే, ప్రతి 10 సెంటీమీటర్లకూ 22 ఏళ్ళు పట్టిందని అర్థం. అంటే ఏడాదికి 0.45 సెంటీమీటరు. పైన సీజియం చెప్పినదీ అంతే అయితే రెండు సాక్ష్యాలు కలిసినట్టు. ఏడు అర్ధాయువులు గడిచేసరికి, అంటే 150 ఏళ్ళకు, మొదటిదాంట్లో ఒక శాతం కూడా మిగలదు. ఈ గడియారం పనిచేసేది అంతవరకే. ఇంకో చిక్కు కూడా ఉంది. సరస్సు మట్టిలోనే ఉన్న రేడియం నుంచి కొంత సీసం-210 అక్కడికక్కడే పుడుతూ ఉంటుంది. దాన్ని మొత్తంలోంచి తీసేసి, ఆకాశం నుంచి వచ్చిన భాగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అందుకే మట్టి డబ్బాలను గాలి చొరకుండా మూడు వారాలు మూసి ఉంచుతారు. రేడాన్ బయటికి పోకుండా లోపల సమతూకానికి వచ్చాక రేడియం ఎంతుందో తెలుస్తుంది.

సీసం-210తో కాలం లెక్కించవచ్చన్న ఆలోచనను ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1963లో ముందుకు తెచ్చాడు. దాన్ని సరస్సు మట్టికి వాడి చూపినవాళ్ళు బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఎస్. కృష్ణస్వామి, దేవేంద్ర లాల్, వారితో కలిసి పనిచేసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు మార్టిన్, మేబెక్. 1971లో వచ్చిన వారి పరిశోధన పత్రం సీసాన్నీ, సీజియాన్నీ పక్కపక్కన పెట్టి మూడు సరస్సులను చూసింది. ఫ్రాన్స్‌లోని పావిన్, స్విట్జర్లాండ్ సరిహద్దులోని లెమాన్, మన దేశంలోని తాన్సా. తాన్సా అంటే ముంబయికి తాగునీరిచ్చే జలాశయాల్లో ఒకటి. దాని ఆనకట్ట 1892లో పూర్తయింది. ఈ రంగంలో ఎవరు ఏం రాసినా నేటికీ ఆ పత్రాన్ని తలుచుకోవాల్సిందే. వానలు, అడవులు మారి పూడిక వేగం ఏటేటా ఒకేలా లేనప్పుడు సీసం లెక్క ఎలా చేయాలో 1978లో బ్రిటన్‌కు చెందిన ఆపిల్‌బీ, ఓల్డ్‌ఫీల్డ్ ఒక దారి చూపించారు. ఆకాశం నుంచి ఏటా పడే సీసం స్థిరం అనుకుని, మట్టి ఎక్కువ దిగిన ఏడాది ఆ సీసం పలచబడుతుందని తీసుకోవడం ఆ దారి.

రెండు గడియారాలూ ఎప్పుడూ ఒకే మాట చెప్పవు. అడుగున బతికే పురుగులు మట్టిని కలియదిప్పితే శిఖరం చదునవుతుంది. చిత్తడి నేలల నీరు చేరే, బంకమట్టి తక్కువగా ఉండే సరస్సుల్లో సీజియం కిందికి పాకుతుంది. కొండ మీది మట్టిలో 1963లో పడ్డ సీజియం ఇరవై ఏళ్ళ తర్వాతి తుపానుకు కొట్టుకొచ్చి కొత్త పొరలో చేరవచ్చు. సరస్సు లోపలి గట్టు జారితే ఒక్కరోజులో ముప్పై ఏళ్ళంత మట్టి పడుతుంది. అందుకే ఒకే గొట్టం నుంచి ఒకే పద్ధతితో తీసిన అంకెను నేను నమ్మను. సీజియం, సీసం రెండూ కలిసి, సరస్సులో నాలుగైదు చోట్ల కలిస్తేనే దాన్ని సరస్సు పూడిక వేగం అనాలి.

ఇదంతా దేనికి ఉపయోగమో నైనిటాల్ చూపిస్తుంది. కొండ పట్నం నడుమ అర చదరపు కిలోమీటరు కూడా లేని సరస్సు అది. చుట్టూ నిటారు వాలు. 1880 సెప్టెంబరు 18న కొండచరియ విరిగిపడి 151 మంది చనిపోయిన ఊరు. ఆ వాలుల నీటిని దించడానికి బ్రిటిష్ కాలంలో కట్టిన నాలాలు నేటికీ సరస్సులో కలుస్తాయి, మట్టినీ తెస్తాయి. వేర్వేరు కాలాల లోతు కొలతలను పోల్చిన లెక్కలు ఈ సరస్సు కొన్ని వందల ఏళ్ళలో పూడిపోతుందని చెప్పాయి. రూర్కీలోని జాతీయ జలశాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు సీజియం-137, సీసం-210తో చేసి 1999లో ప్రచురించిన లెక్కలో అది రెండు వేల ఏళ్ళకు పైన తేలింది.

ఇంత తేడా రావడానికి ఆస్కారం ఎక్కడుందో ఆలోచిస్తే పద్ధతి విలువ తెలుస్తుంది. నాలాల నోళ్ళ దగ్గర గులకరాళ్ళు, ఇసుక కుప్పపడతాయి, లోతైన మధ్యభాగానికి సన్నని మట్టే చేరుతుంది. ఒడ్డు దగ్గరి పూడికను సరస్సంతటికీ అంటగడితే ఆయుష్షు తగ్గిపోతుంది. పైగా పాత లోతు పటాల్లో అర మీటరు పొరపాటు ఉంటే, ఏడాదికి మిల్లీమీటర్లలో సాగే పూడికను ఆ పొరపాటు మింగేస్తుంది. రెండు వేల ఏళ్ళు అన్నంత మాత్రాన నైనిటాల్ క్షేమంగా ఉందని కాదు. మురుగు చేరి, అడుగు నీటిలో ప్రాణవాయువు తగ్గి, 2007 నుంచి గొట్టాలతో గాలి ఊదాల్సి వచ్చింది. కానీ ముందు ఖర్చు పెట్టాల్సింది పూడిక మీదా, మురుగు మీదా అన్న నిర్ణయానికి సరైన అంకె కావాలి కదా.

మన చెరువులకు ఇది పనిచేస్తుందా? అన్నిటికీ చేయదు. ఎండాకాలం అడుగు ఎండి నెర్రెలిచ్చే చెరువులో పై మట్టి పగుళ్ళలోకి జారి కిందికి పోతుంది, వరస చెడుతుంది. కొల్లేరు లోతు తక్కువ. గాలికి అడుగు కదులుతుంది, చేపల చెరువుల గట్ల కోసం తవ్విపోసిన మట్టి వేరే. పైగా బాంబు ధూళి ఎక్కువగా పడింది ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాల్లో. భూమధ్యరేఖకు దగ్గరైనకొద్దీ తక్కువ. కాబట్టి దక్షిణాదిలో శిఖరం ఐరోపాలో ఉన్నంత ఎత్తున ఉండదు. ఏడాది పొడవునా నీరుండే, కట్ట దగ్గర లోతున్న పెద్ద చెరువులు, అడవి నడుమ ఉన్న జలాశయాలు మాత్రం ప్రయత్నించదగ్గవే.

కాలం కూడా ఆగదు. 1963 నుంచి రెండు అర్ధాయువులకు పైగా గడిచింది. అప్పటి సీజియంలో పావు వంతు కన్నా తక్కువే మిగిలింది. 2053 నాటికి ఎనిమిదో వంతు. అందుకే పరిశోధకులు అదే ధూళిలోని ప్లుటోనియం వైపు తిరుగుతున్నారు. ప్లుటోనియం-239 అర్ధాయువు 24 వేల ఏళ్ళకు పైనే. దాన్ని గామా కిరణాలతో కాక, పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో లెక్కిస్తారు. కెనడాలోని క్రాఫర్డ్ సరస్సులో ఏటా ఒక్కో పొర విడిగా కనిపిస్తుంది. ఆ పొరల్లో ప్లుటోనియం పెరిగిన చోటును మానవయుగానికి (మనిషి ప్రభావం భూగర్భంలో నమోదైన కొత్త యుగం) ఆరంభ బిందువుగా గుర్తించాలని 2023లో ఒక శాస్త్రవేత్తల బృందం సూచించింది. ఆ యుగ ప్రతిపాదన 2024 మార్చిలో ఆమోదం పొందలేదు. పొరలు మాత్రం అక్కడే ఉన్నాయి, వాటిని లెక్కపెట్టి పద్ధతిని సరిచూసుకోవచ్చు.

మన దగ్గర ఈ గీతకు అర్ధాయువు కన్నా దగ్గరి ముప్పు పొక్లెయినర్. చెరువు మన్ను పొలాలకు తోలుకోవడం తరతరాల మంచి అలవాటు, 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పథకం మిషన్ కాకతీయ దాన్ని పెద్ద ఎత్తున చేసింది. పూడిక తీయాల్సిందే. అయితే తీసిన మట్టితో పాటు అది ఎన్నేళ్ళలో చేరిందన్న సాక్ష్యమూ పొలాల్లో కలిసిపోతుంది, మళ్ళీ ఎన్నేళ్ళకు పూడుతుందో అంచనా వేసే ఆధారం ఉండదు. నీరు నిలిచే పెద్ద చెరువుల్లో, పని మొదలుపెట్టే ముందు, లోతైన చోట మూడు నాలుగు గొట్టాలు దించి మట్టి తీసిపెట్టవచ్చు. డిటెక్టర్ అప్పటికప్పుడు దొరకకపోయినా ఫరవాలేదు. బిళ్ళలుగా కోసి, ఆరబెట్టి, లోతూ తేదీ రాసి భద్రపరిస్తే, సీజియం పలచబడ్డాక కూడా ప్లుటోనియంతో ఆ పొరల వయసు చెప్పవచ్చు.